చంద్రుడి కోసం పుట్టిన వాచీ లేదు

ఒమేగా స్పీడ్‌మాస్టర్ పేరెత్తితే చాలు, వాచీల మీద కాస్త మోజున్నవాళ్లంతా ఒకే మాట అంటారు: "అది అంతరిక్షం కోసం ప్రత్యేకంగా తయారుచేసింది." షోరూములో కుర్రాడు ఇదే అంటాడు. ఆదివారం అనుబంధాల్లో ఇదే అచ్చవుతుంది. కొనుక్కున్నవాళ్లు మణికట్టు తిప్పి చూపిస్తూ ఇదే చెబుతారు. స్విట్జర్లాండ్‌లో మేధావులెవరో కూర్చుని, గాలి లేనిచోట వాచీ ఎలా నడవాలి, మంటకీ మంచుకీ ఎలా ఓర్చుకోవాలి అని ఏళ్ల తరబడి బుర్రలు బద్దలు కొట్టుకుని, చంద్రుడికి సరిపడే వాచీ ఒకటి చేసి నాసా చేతిలో పెట్టారట.

కథ బాగుంది, నిజమే లేదు. అంతరిక్షంలో నిలబడిన ఆ వాచీ అంతరిక్షం కోసం తయారవలేదు, అక్కడికి ఎంపికైంది. దానికా పేరు తెచ్చింది డిజైనర్ గీసిన గీత కాదు, దాన్ని ఎలాగైనా పాడుచేయాలని చూసిన పరీక్షల గది. "ఎలాగైతేనేం, వెళ్లొచ్చింది కదా" అని ఈ తేడాని తీసిపారేసేవాళ్లున్నారు. నా పేచీ వాళ్లతోనే.

స్పీడ్‌మాస్టర్ బజారులోకి వచ్చింది 1957లో. నాసా ఏర్పడింది 1958లో. ఇంకా పుట్టని సంస్థ కోసం వాచీ చేశారంటే నమ్మేదెలా? అసలు దాని పని ఏమిటో పేరే చెబుతోంది, వేగం. కార్ల పందేల వాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన వాచీ అది. డయల్ చుట్టూ నల్ల అంచు మీద వరసగా అంకెలుంటాయి. ఒక కిలోమీటరు దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, గంటకెంత వేగంతో పోతున్నామో ఆ అంకెల్లో చదువుకోవచ్చు. టాకీమీటర్ స్కేలు అంటారు దాన్ని. 1965 జూన్ 3న ఎడ్ వైట్ జెమినీ-4 నుంచి బయటికొచ్చి శూన్యంలో తేలినప్పుడు ఆయన సూటు చేతికి ఈ స్కేలే ఉంది. స్కేలేమో వందల్లో ఆగిపోతుంది. ఆయన మాత్రం గంటకు 28 వేల కిలోమీటర్ల వేగంతో భూమి చుట్టూ తిరుగుతున్నాడు. అంతరిక్షం కోసం డిజైన్ చేసినవాడెవడైనా ఆ అంకెలు చెక్కుతాడా? లోపలి యంత్రం సంగతి చెప్పాలంటే, అది ఇంకా పాతది. లెమానియా కంపెనీ 1940లలో రూపొందించిన క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచీ కూడా ఉన్న వాచీ) యంత్రమే కాస్త మార్పులతో అందులో కూర్చుంది.

అంతకుముందు వెళ్లిన వాచీల కథా ఇంతే. 1961లో గగారిన్ చేతికున్న ష్తుర్మన్‌స్కీ సోవియట్ వైమానిక దళం వాచీ. 1962 అక్టోబరులో వాలీ షిరా కట్టుకెళ్లిన స్పీడ్‌మాస్టర్ ఆయన సొంతది. అదే ఏడాది మే నెలలో స్కాట్ కార్పెంటర్ మాత్రం బ్రైట్లింగ్ కంపెనీని అడిగి మరీ 24 గంటల డయల్‌తో చేయించుకున్నారు. కక్ష్యలో గంటన్నరకోసారి పొద్దు పొడుస్తుంది కాబట్టి పన్నెండు గంటల డయల్ చూస్తే పగలో రాత్రో తెలియదు. ఆలోచన మంచిదే. ఆ తొలి రోజుల వాచీల్లో నిజంగా అంతరిక్షం కోసం మార్చి చేసింది ఏదైనా ఉందంటే అదే. తీరా కక్ష్యలో బాగానే నడిచిన ఆ వాచీ, తిరిగొచ్చి సముద్రంలో దిగాక ఉప్పునీళ్లు చొరబడి పాడైపోయింది. డయల్ గురించి ఆలోచించారు గానీ ప్రయాణం చివర ఉన్న సముద్రం గుర్తుకు రాలేదు. డిజైన్ చేసేవాడు తనకు తోచిన ప్రమాదం గురించే ఆలోచిస్తాడు. తోచని ప్రమాదాన్ని వెతికి పట్టుకోవడానికి పరీక్షలు చేసేవాడు వేరే ఉండాలి.

ఆ మనిషి పేరు జేమ్స్ ర్యాగన్, నాసా ఇంజనీరు. 1964లో వ్యోమగాముల బాధ్యతలు చూస్తున్న డీక్ స్లేటన్, జెమినీ, అపోలో యాత్రలకు నమ్మదగిన చేతివాచీ కావాలని అడిగారు. ఆ పని ర్యాగన్ మీద పడింది. ఆయన కొత్త వాచీ గీయించలేదు, ఏ కంపెనీకీ "మాకిలాంటిది చేసిపెట్టండి" అని రాయలేదు. మీ దగ్గర ఉన్నదేదో పంపండి అని పలు కంపెనీలను అడిగారు. నాలుగు బదులిచ్చాయి. హామిల్టన్ జేబు గడియారం పంపి అక్కడే పోయింది. రోలెక్స్, లాంజీన్స్-విట్నార్, ఒమేగా మిగిలాయి. మూడూ క్రోనోగ్రాఫులే, మూడూ దుకాణంలో దొరికే రకమే.

ఇక్కడొక కట్టుకథను పక్కన పెట్టాలి. నాసా మనుషులు మారువేషం వేసినట్టు హ్యూస్టన్‌లో ఒక నగల దుకాణానికెళ్లి, ఎవరన్నది చెప్పకుండా వాచీలు కొనుక్కొచ్చారని ఎన్నో పుస్తకాల్లో ఉంది. నా వాదనకు అక్షరాలా సరిపోయే కథ అది. కానీ పరీక్షలు జరిపిన ర్యాగనే అది నిజం కాదన్నారు. కాబట్టి దాన్ని నేను వాడుకోను.

ఇక పరీక్షలు. మొత్తం పదకొండు. మొదట 71 డిగ్రీల సెల్సియస్ వేడిలో 48 గంటలు, వెంటనే 93 డిగ్రీల్లో అరగంట. తర్వాత మైనస్ 18 డిగ్రీల చలిలో 4 గంటలు. ఆ తర్వాతి పరీక్ష నాకు మరీ ఇష్టం. గాలిని పది లక్షల్లో ఒక వంతుకి తగ్గించిన గదిలో పెట్టి, 71 డిగ్రీల నుంచి మైనస్ 18కి 45 నిమిషాల్లో దించుతారు, మరో 45 నిమిషాల్లో మళ్లీ 71కి ఎక్కిస్తారు. ఇలా ఒకసారి అయ్యాక ఇంకో 15 సార్లు. లెక్కేసుకోండి, ఒక్కో విడతకి గంటన్నర. భూమికి దగ్గరి కక్ష్యలో ఒక ప్రదక్షిణకు పట్టేదీ దాదాపు అంతే, అందులో కొంతసేపు ఎండ, కొంతసేపు నీడ. అంటే ఆ గదిలో వాచీని కూర్చోబెట్టి ఒక రోజంతా భూమి చుట్టూ తిప్పారన్నమాట.

తర్వాత 95 శాతానికి తగ్గని తేమలో 240 గంటలు, పది రోజులు. మన బందరులోనో కాకినాడలోనో వానాకాలం వాచీ పడే అవస్థకి ఇది పెద్దన్న. ఆపైన 71 డిగ్రీల వేడిలో పూర్తి ఆక్సిజన్ మధ్య 48 గంటలు, ఎందుకంటే జెమినీ నౌకలో పీల్చేది తక్కువ పీడనంలో ఉన్న అచ్చమైన ఆక్సిజనే. ఆరు దిక్కుల నుంచి 40 జీ, అంటే భూమ్యాకర్షణకు నలభై రెట్ల, దెబ్బలు, ఒక్కోటి సెకనులో నూరోవంతు సేపు. రాకెట్ ఎక్కినట్టు 7.25 జీ దాకా పెరిగే ఒత్తిడి. మళ్లీ శూన్యంలో వేడి. వాతావరణానికి ఒకటిన్నర రెట్లకు పైగా పీడనంలో గంట. సెకనుకు 5 నుంచి 2,000 సార్ల దాకా పెరుగుతూ తరుగుతూ సాగే వణుకు. చివరికి 130 డెసిబెళ్ల మోతలో అరగంట.

ఫలితాల కాగితం చదివితే డిజైన్ భక్తులకు నోరు పెగలదు. రోలెక్స్ తేమ పరీక్షలో రెండుసార్లు ఆగిపోయింది. వేడి పరీక్షలో దాని సెకన్ల ముల్లు వంగి మిగతా ముళ్లకు తగులుకుంది. విట్నార్ అద్దం వేడికి వంకర తిరిగి ఊడింది. అదే కంపెనీ ఇంకో వాచీ అద్దం శూన్యంలోనూ ఊడింది. మరి గెలిచిన ఒమేగా? శూన్యం పరీక్షలో 21 నిమిషాలు ముందుకు పోయింది. ఒత్తిడి పరీక్షలో 15 నిమిషాలు వెనకబడింది. చీకట్లో వెలిగే పూత వెలగడం మానేసింది. కానీ అన్నీ అయ్యాక నడుస్తూనే ఉంది. 1965 మార్చి 1న దానికి అర్హత దక్కింది, మార్చి 23న జెమినీ-3లో ఎగిరింది. డయల్ మీద "ప్రొఫెషనల్" అన్న మాట చేరింది ఆ తర్వాతే. బిరుదు పరీక్ష పాసయ్యాక వచ్చింది, పుట్టుకతో రాలేదు.

చంద్రుడి కోసమే చేసిన వాచీ 21 నిమిషాలు తప్పుతుందా? తప్పితే దాన్ని చేసినవాడి ఉద్యోగం ఉంటుందా? అది మామూలు వాచీ కాబట్టే మామూలుగా తప్పింది. మిగతా రెండిటికంటే తక్కువ పాడైంది, అదే దాని గెలుపు. మూడు వాచీలూ బల్ల మీద పక్కపక్కన ఉన్న రోజున ఏది నిలబడుతుందో ఏ డిజైనరూ చెప్పగలిగి ఉండేవాడు కాదు. అలా చెప్పగలిగితే పరీక్షలే అక్కర్లేదు.

డిజైనే చాలన్న నమ్మకం ఎక్కడ బెడిసికొడుతుందో అద్దం దగ్గర చూడొచ్చు. వాచీ తయారీ తెలిసినవాళ్లు వందేళ్లుగా అద్దాన్ని ఏ దిక్కు నుంచి కాపాడారు? బయటి నుంచి. నీళ్లు, దుమ్ము, దెబ్బ, అన్నీ బయటి నుంచి లోపలికి వస్తాయి. నీటి లోతుకు చేసిన వాచీ ఎంత గొప్పదైతే అంత గట్టిగా బయటి పీడనం అద్దాన్ని లోపలికి అదుముతుంది, పట్టు ఇంకా బిగుస్తుంది. శూన్యంలో ఇదంతా తిరగబడుతుంది. బయట ఏమీ ఉండదు, లోపలున్న గాలి అద్దాన్ని బయటికి తంతుంది. కాబట్టి "నూరు మీటర్ల లోతులో నిలిచింది, ఇక అంతరిక్షం ఎంత" అన్న లెక్క చెల్లదు. విట్నార్ రెండో వాచీ అద్దం ఊడింది శూన్యంలోనే. లోపల కూడా అంతే. గాలి రాపిడి లేకపోతే బ్యాలన్స్ చక్రం మామూలు కంటే వెడల్పుగా ఊగుతుంది, నూనె వేడికి పలచబడి చలికి చిక్కబడుతుంది. ఇవి పుస్తకంలో చదివి తెలుసుకోవచ్చు. ఏ వాచీ వీటన్నిటినీ ఒకేసారి ఓర్చుకుంటుందో మాత్రం గదిలో పెట్టి తాళం వేసి చూడాల్సిందే.

మరో ఆర్భాటం కూడా వింటుంటాం: "చంద్రుడి మీద 120 డిగ్రీల వేడిని తట్టుకున్న వాచీ" అని. అంత వేడెక్కేది అక్కడి నేల, అదీ నడి మధ్యాహ్నం. అపోలో నౌకలు దిగింది చంద్రుడి ఉదయంలో, సూర్యుడింకా వాలుగా ఉన్న వేళ. పైగా అక్కడ గాలి లేదు, చుట్టూ ఉన్న వేడి వాచీకి అంటదు. ఎండ పడి, నేల నుంచి కిరణాలు తగిలి నెమ్మదిగా ఎక్కాల్సిందే. ఆ గదిలో 93 డిగ్రీల దగ్గర ఆగింది అజ్ఞానంతో కాదు. ఎంత అవసరమో అంతే అడగడం ఇంజనీరు పని, ఎక్కువ చెప్పి అమ్మడం ప్రకటనల వాళ్ల పని.

ఆ వాచీతో వెళ్లినవాటిలో అచ్చంగా అంతరిక్షం కోసం చేసిందేమైనా ఉందా అంటే, ఉంది. బెల్టు! లావుపాటి సూటు చేతి మీద కట్టుకోవడానికి పొడుగాటి వెల్క్రో పట్టీ. దాని మీద కవితలెవరూ రాయలేదు.

ఇప్పుడు అవతలి పక్షం బలమైన వాదనకే వద్దాం. "సరే, 1965లో తొందర ఉంది, దొరికినదాన్ని తీసుకున్నారు. నిదానంగా అంతరిక్షం కోసమే చేస్తే అంతకంటే మేలైనది రాదా?" అంటారు. చేశారు కదా. ఒమేగానే 1960ల చివర అలాస్కా అన్న మారుపేరుతో రహస్యంగా మొదలుపెట్టింది. టైటానియం ఒళ్లు, తెల్ల డయల్, వేడి తగలకుండా పైన తొడగడానికి ఎర్రటి అల్యూమినియం కవచం. చూడ్డానికి నిజంగా వేరే గ్రహం సరుకులా ఉంటుంది. నాసా దాన్ని ఏ యాత్రకీ తీసుకోలేదు, పాతది సరిపోతుంటే కొత్తదాని అవసరం కనిపించలేదు. తర్వాత 1998లో వ్యోమగాముల సలహాలతో ఎక్స్-33 వచ్చింది. బ్యాటరీ వాచీ, గట్టి అలారం, యాత్ర మొదలై ఎంత సమయమైందో చెప్పే లెక్క, అన్నీ ఉన్నాయి. నౌక లోపల దాన్ని బాగా వాడుకున్నారు. కానీ బయట శూన్యంలో నడకకి? దాని ద్రవ స్ఫటిక తెర ఆ వేడికీ చలికీ ఆగేది కాదు. బయటికి వెళ్లడానికి నాసా అర్హత ఉన్నది ఆ కార్ల పందేల వాచీకే. అంతరిక్షం కోసం చేసింది ఇంట్లో కూర్చుంది, రోడ్డు కోసం చేసింది ఆకాశంలో నడిచింది. ఇది చాలదా?

చాలదంటే ఇంకొకటి. 1969 జూలైలో చంద్రుడి మీద దిగిన ఈగిల్ నౌకలో ఆ నౌక కోసమే చేసి అమర్చిన టైమర్ ఉండేది. అది పనిచేయడం మానేసింది. ఆర్మ్‌స్ట్రాంగ్ తన స్పీడ్‌మాస్టర్‌ని దానికి బదులుగా నౌకలోనే వదిలి కిందికి దిగారు. అందుకే చంద్రుడి మీద తొలిసారి కనిపించిన చేతివాచీ ఆల్డ్రిన్‌ది. అపోలో-13 కష్టకాలంలో కరెంటు పొదుపు కోసం నౌకలో పరికరాలు ఆర్పేసినప్పుడు, దారి సరిచేయడానికి ఇంజన్ని సరిగ్గా 14 సెకన్లు మండించాల్సి వచ్చింది. ఆ సెకన్లు లెక్కపెట్టింది జాక్ స్విగర్ట్ చేతివాచీ.

ఒక మినహాయింపు ఒప్పుకుని తీరాలి. 2008 సెప్టెంబరులో చైనా వ్యోమగామి జై జిగాంగ్ షెంఝౌ-7 నుంచి బయటికొచ్చినప్పుడు ఆయన చేతికున్న ఫియ్టా వాచీ ఆ నడక కోసమే చేసింది. కాబట్టి ప్రత్యేకంగా చేయడం అసాధ్యమని నేననను. ప్రత్యేకంగా చేసినంత మాత్రాన సరిపోదని, మామూలుగా చేసినదాన్ని తోసేయకూడదని మాత్రమే అంటాను. ఆ వాచీని కూడా గీయగానే కట్టుకుని బయలుదేరలేదు కదా.

మన బజారులో కొన్ని వేలకే దొరికే క్యాసియో జీ-షాక్ డీడబ్ల్యూ-5600 నాసా అంతరిక్ష ప్రయాణానికి అనుమతించిన వాచీల్లో ఉంది. దాన్ని చేసిన కికువో ఇబె మనసులో రాకెట్లేమీ లేవు, కింద పడితే పగలకూడదన్నదే తపన. 1980ల మొదట్లో కంపెనీ మూడో అంతస్తులో మరుగుదొడ్డి కిటికీలోంచి నమూనా మీద నమూనా కిందికి విసిరి, దిగి వెళ్లి ఏరుకుని, ఏం విరిగిందో చూసుకుని, మళ్లీ ఎక్కేవాడట. రెండు వందల దాకా విసిరాక ఒకటి నిలబడింది. వాచీ చరిత్రలో నాకు స్విస్ పర్వతాల కంటే ఆ కిటికీ గొప్పగా కనిపిస్తుంది.

భూమ్యాకర్షణ లేకపోతే చేతి ఊపుతో కీ ఎక్కే ఆటోమాటిక్ వాచీలు ఆగిపోతాయన్న నమ్మకం కూడా ఈ మొక్కకే పూచింది. అందుకే అంతరిక్షానికి వేరే డిజైన్ కావాలంటారు. 1973లో స్కైలాబ్‌కి విలియం పోగ్ అనుమతి లేకుండా పట్టుకెళ్లిన సీకో ఆటోమాటిక్ 84 రోజులు నడిచింది. బరువు లేకపోయినా ద్రవ్యరాశి ఎటూ పోదు, చెయ్యి కదిలితే లోపలి రోటరు తిరుగుతుంది.

ఇదంతా విన్నాక కొందరు రెండో కొసకు దూకుతారు: అయితే అదంతా ఉత్త ప్రచారమేనా అని. కాదు. నాసా మాటిమాటికీ పరీక్షించింది. అమెరికా సొమ్ముతో స్విస్ వాచీ ఎందుకు, మాది తీసుకోండని బులోవా పక్షం ఒత్తిడి తెచ్చాక మళ్లీ, 1978లో స్పేస్ షటిల్ కోసం మళ్లీ. ప్రతిసారీ ఆ పాత వాచీయే నెగ్గింది. అయినా పరీక్ష అంటే నిండు నూరేళ్ల హామీ కాదు. 1971 ఆగస్టులో అపోలో-15 కమాండర్ డేవ్ స్కాట్ వాచీ అద్దం చంద్రుడి మీదే ఊడిపోయింది. మూడో నడకకి ఆయన తన సొంత బులోవా కట్టుకున్నారు. దానికి ఆ అధికారిక అర్హతేమీ లేదు. ఆ వాచీ 2015 వేలంలో 16 లక్షల డాలర్లు దాటింది. నిజం ఎప్పుడూ ప్రకటనంత నున్నగా ఉండదు మరి.

ఈ గొడవ మనకెందుకంటారేమో. శ్రీహరికోట నుంచి ఎగిరే ప్రతి ఉపగ్రహమూ ముందు వణుకుబల్ల మీద ఊగి, శూన్యపు గదిలో ఉడికి, గడ్డకట్టి వచ్చిందే. దాన్ని గీసినవాళ్లకు పేరొస్తుంది, రావాలి కూడా. వాచీ విషయంలో మనం చేస్తున్నది ఏమిటంటే, ఆ పేరు గీసినవాళ్లకీ కాకుండా, పరీక్షించినవాళ్లకీ కాకుండా అమ్మేవాళ్లకి కట్టబెడుతున్నాం. రేపు గగన్‌యాన్‌లో మనవాళ్లు ఎగిరేవేళకి "వ్యోమగాముల కోసం ప్రత్యేకంగా రూపొందించిన" వాచీలు మన బజార్లలో కుప్పలు తెప్పలుగా దిగుతాయి. అప్పుడు మన పత్రికలవాళ్లు చేయాల్సిన పని ఒకటుంది: ఆ మాట మక్కికి మక్కి అచ్చువేయకండి, పరీక్షల కాగితం అడగండి. కొనేవాళ్లు కూడా షోరూములో మూడు ప్రశ్నలు వేయండి. ఏ పరీక్షలు చేశారు? ఎవరు చేశారు? ఏ పరీక్షలో ఎంత తప్పింది? మూడోదానికి "ఏమీ తప్పలేదు" అని జవాబొస్తే, ఆ వాచీని ఎవరూ సరిగ్గా పరీక్షించలేదని అర్థం.